కెమెరా ఔచిత్యం: ప్రపంచ కళాచిత్రాలు, డాక్యుమెంటరీల సమీక్షా పద్ధతి - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

విదేశీ కళాచిత్రాలనూ డాక్యుమెంటరీలనూ తెలుగులో పరిచయం చేసే సమీక్షలు తరచుగా కథాసంగ్రహంతో మొదలై, సందేశ నిరూపణతో ముగుస్తుంటాయి. ఈ పద్ధతిలో సినిమా 'ఏమి' చెప్పిందో తెలుస్తుంది గాని, ఆ విషయం తెరమీదికి 'ఎలా' వచ్చిందో తెలియదు. నిజ మనుషులను తెరకెక్కించే డాక్యుమెంటరీల విషయంలో ఈ లోటు మరింత పెద్దది. సమీక్షకుడు తెరపై కనిపించిన దృశ్యాన్నీ, ఆ దృశ్యం లభించిన విధానాన్నీ, అందులోని మనుషుల పట్ల కెమెరా పాటించిన ఔచిత్యాన్నీ విడివిడిగా పరిశీలించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ఫ్లాహర్టీ, బున్యుయెల్, పొంతెకొర్వో, కియారొస్తమీ, ఓపెన్‌హైమర్, అకెర్‌మాన్ చిత్రాలను ఉదాహరణలుగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: డాక్యుమెంటరీ, కళాచిత్రం, సమీక్ష, పునరభినయం, ఔచిత్యం, కథాసంగ్రహం.

1. ప్రవేశిక:

సాహిత్య విమర్శ చదివే పాఠకుడికి ఒక వెసులుబాటు ఉంది. విమర్శకుడి అభిప్రాయంపై అనుమానం కలిగితే కావ్యాన్ని తెరిచి ఆ పద్యాన్ని స్వయంగా చదువుకోవచ్చు. విదేశీ సినిమా సమీక్ష చదివేవారికి ఈ వెసులుబాటు అన్ని వేళలా ఉండదు. సినిమా అందుబాటులో లేకపోవచ్చు. ఉన్నా దాని భాష తెలియకపోవచ్చు. అటువంటప్పుడు సమీక్షే సినిమాకు ప్రతినిధి అవుతుంది. సమీక్షలో లేనిది సినిమాలోనూ లేదనే భావన స్థిరపడుతుంది.

నేడు సాహిత్య, సామాజిక పరిశోధనల్లో డాక్యుమెంటరీలను ఆధారాలుగా ఉపయోగించుకోవడం పెరుగుతోంది. ఒక జాతి జీవన విధానానికో, ఒక హింసాకాండకో, ఒక కాలానికో డాక్యుమెంటరీని సాక్ష్యంగా ఉదాహరిస్తున్నాం. ఒక తాళపత్రాన్ని ఆధారంగా స్వీకరించే ముందు దాని లేఖకుడు, కాలం, పాఠాంతరాలు, ప్రక్షిప్తాలు పరిశీలిస్తాం. తెరమీది దృశ్యానికి మాత్రం ఆ పరీక్ష పెట్టకుండా 'కళ్లారా చూశాం' కనుక నిజమని అంగీకరిస్తాం. ఈ పరీక్షను మొదట జరపవలసినవాడు సమీక్షకుడు.

2. 'డాక్యుమెంటరీ' - ఒక సమీక్ష స్థిరపరచిన పదం:

యాత్రాచిత్రాలను సూచించడానికి ఫ్రెంచి భాషలో ఈ మాట అంతకుముందే వాడుకలో ఉంది. ఇంగ్లీషులో నేటి అర్థంలో అది స్థిరపడటానికి కారణమైనది ఒక పత్రికా సమీక్ష. రాబర్ట్ ఫ్లాహర్టీ సమోవా దీవుల్లో తీసిన 'మొవానా' చిత్రాన్ని జాన్ గ్రియర్‌సన్ 1926 ఫిబ్రవరి 8న 'న్యూయార్క్ సన్' పత్రికలో సమీక్షిస్తూ, ఆ చిత్రానికి డాక్యుమెంటరీ విలువ ఉందని పేర్కొన్నాడు. తర్వాతి కాలంలో ఆయనే డాక్యుమెంటరీని వాస్తవికతకు సృజనాత్మక రూపం కల్పించే ప్రక్రియగా నిర్వచించాడు. ఈ నిర్వచనంలో 'వాస్తవికత', 'సృజనాత్మకత' అనే రెండు పదాలు పక్కపక్కనే ఉండటం గమనార్హం.

గ్రియర్‌సన్ ఆ విలువను ఆపాదించిన 'మొవానా'లో పునఃకల్పన చాలా ఉంది. చిత్రీకరణ నాటికి సమోవా ప్రజలు పాశ్చాత్య దుస్తులకు అలవాటు పడ్డారు. ఫ్లాహర్టీ వారికి చెట్టు బెరడుతో చేసిన సంప్రదాయ వస్త్రాలు కట్టించాడు. మరుగునపడుతున్న పచ్చబొట్టు సంస్కారాన్ని కెమెరా కోసం జరిపించాడు. అంటే వాస్తవానికీ కల్పనకూ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న డాక్యుమెంటరీతోపాటే పుట్టింది. సమీక్షకుడు ఈ ప్రశ్నను తప్పించుకుని ముందుకు పోలేడు.

3. పునరభినయం - 'నానూక్ ఆఫ్ ది నార్త్':

ఫ్లాహర్టీ 1922లో విడుదల చేసిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' డాక్యుమెంటరీ చరిత్రలో తొలి మైలురాళ్లలో ఒకటి. కెనడాలోని ఉత్తర క్యుబెక్‌లో, హడ్సన్ అఖాతం తూర్పు తీరాన ఇనూయిట్ ప్రజల మధ్య దీన్ని చిత్రీకరించారు. రెవియాఁ ఫ్రేర్ అనే ఫ్రెంచి ఉన్ని తోళ్ల వ్యాపార సంస్థ నిర్మాణ వ్యయాన్ని భరించింది. అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో 1989లో తొలి విడతగా ఎంపికైన 25 చిత్రాల్లో ఇదీ ఒకటి.

తెరమీద నానూక్‌గా కనిపించిన వ్యక్తి అసలు పేరు అల్లకరియల్లక్. ఆయన భార్యగా చూపిన స్త్రీ ఆయన భార్య కాదు. అప్పటికే తుపాకులు వాడుకలోకి వచ్చినా వాల్రస్ వేటను పాత పద్ధతిలో ఈటెలతో జరిపించారు. మంచు ఇంటి లోపల కెమెరాకు చాలినంత వెలుతురు, చోటు లేకపోవడంతో ఒక పక్క తెరిచి ఉంచిన ఇంటిని ప్రత్యేకంగా కట్టించారు. కుటుంబం నిద్రలేచే దృశ్యాన్ని అందులో తీశారు. వర్తక కేంద్రంలో గ్రామఫోన్ రికార్డును నానూక్ వింతగా చూసి కొరికే దృశ్యం హాస్యం కోసం ఏర్పాటు చేసినదే.

ఈ వివరాలు తెలిసిన సమీక్షకుడి ముందు రెండు సులువైన దారులు ఉంటాయి. 'ఇదంతా బూటకం' అని చిత్రాన్ని తోసిపుచ్చడం ఒకటి. 'కళలో ఇవన్నీ సహజమే' అని దాటవేయడం రెండోది. రెండు దారుల్లోనూ పరిశీలన లోపిస్తుంది. చేయవలసింది ఏ పునరభినయం ఏ ప్రయోజనానికి ఉపయోగపడిందో విడదీసి చెప్పడం. తెరిచిన ఇల్లు సాంకేతిక అవసరం. అది నిద్రలేచే కుటుంబాన్ని అవమానించదు. ఈటెల వేట ఆ జాతి పూర్వ నైపుణ్యాన్ని భద్రపరిచింది. వేటలోని శ్రమా ప్రమాదమూ నిజమైనవే. కాని ఆ దృశ్యాన్ని 1920ల నాటి జీవితంగా చూపడం వల్ల ఇనూయిట్లు కాలం వెలుపల నిలిచిపోయినవారుగా కనిపిస్తారు. గ్రామఫోన్ దృశ్యం అంతకన్నా భిన్నమైనది. అది ఒక మనిషిని అమాయకుడిగా చూపి ప్రేక్షకులను నవ్విస్తుంది. మూడూ పునరభినయాలే అయినా మూడింటి విలువా ఒకటి కాదు. ఈ తారతమ్యాన్ని నిర్ణయించడమే ఇక్కడ సమీక్ష చేయవలసిన పని.

4. వ్యాఖ్యానం, దృశ్యం - 'లాస్ హుర్దెస్':

డాక్యుమెంటరీలో కంటికి కనిపించేదీ, నేపథ్య వ్యాఖ్యానం చెప్పేదీ ఒకటే కావలసిన అవసరం లేదు. లూయిస్ బున్యుయెల్ స్పెయిన్‌లోని ఒక నిరుపేద కొండ ప్రాంతంపై 1933లో తీసిన 'లాస్ హుర్దెస్' ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సుమారు అరగంట నిడివిగల ఈ చిత్రంలో ఒక మేక కొండమీద నుంచి జారిపడుతుంది. ఇలా ప్రమాదంలో మేక చనిపోయినప్పుడే అక్కడివారికి మాంసం దొరుకుతుందన్నట్లు వ్యాఖ్యానం సాగుతుంది. అయితే అదే దృశ్యంలో తెర అంచున తుపాకీ పొగ కనిపిస్తుంది. ప్రమాదమని మాట చెబుతోంది. పేల్చారని పొగ చెబుతోంది.

ఈ పొగ దర్శకుడి అజాగ్రత్తా, లేక యాత్రాచిత్రాల గంభీర స్వరాన్ని వెక్కిరించడానికి కావాలని ఉంచిన జాడా అన్నది విమర్శకుల్లో చర్చనీయాంశం. నిర్వికారంగా సాగే వ్యాఖ్యానం, ఆ దైన్యానికి ఏమాత్రం పొసగని బ్రామ్స్ సింఫనీ సంగీతం రెండో అభిప్రాయానికి బలాన్నిస్తాయి. ఏ పక్షం వహించినా సమీక్షకుడు ముందుగా ఆ పొగను చూసి ఉండాలి. వ్యాఖ్యానాన్ని మాత్రమే విని రాసిన సమీక్షలో 'దుర్భర దారిద్ర్యానికి అద్దం పట్టిన చిత్రం' అన్న వాక్యం తప్ప మరొకటి మిగలదు. విదేశీ భాషా చిత్రాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఉపశీర్షికలను చదివే కన్ను తెర అడుగు భాగాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. దృశ్యంలో మిగిలిన భాగాన్ని చూడటానికి రెండోసారి చూడక తప్పదు.

5. కెమెరా కదలిక - ఔచిత్య విచారణ:

కల్పిత చిత్రమైనా నిజమైన బాధను వస్తువుగా స్వీకరించినప్పుడు ఇటువంటి ప్రశ్నలే ఎదురవుతాయి. జిల్లో పొంతెకొర్వో 1960లో తీసిన 'కాపో' నాజీ నిర్బంధ శిబిరాల నేపథ్యంలో సాగుతుంది. అందులో ఎమ్మాన్యుయెల్ రివా పోషించిన ఖైదీ విద్యుత్ కంచెపై పడి ప్రాణం తీసుకుంటుంది. ఆ క్షణంలో కెమెరా ముందుకు కదిలి, ఆమె మృతదేహాన్ని కింది కోణం నుంచి పొందికగా చట్రంలో అమర్చుకుంటుంది. జాక్ రివెత్ 1961 జూన్‌లో 'కైయే దు సినెమా' పత్రికలో రాసిన సమీక్షలో ఈ ఒక్క కదలికను పట్టుకుని దర్శకుణ్ని తీవ్రంగా నిరసించాడు. చిత్ర సందేశం మంచిదా కాదా అన్నది అక్కడ ఆయనకు ప్రధానం కాలేదు. ఒక మరణాన్ని అందమైన కూర్పుగా మలచాలని ఆ క్షణంలో కలిగిన కోరికనే ఆయన ప్రశ్నించాడు.

మన అలంకారశాస్త్రం తెలిసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు భావించాడు. 11వ శతాబ్దిలో క్షేమేంద్రుడు 'ఔచిత్య విచార చర్చ'లో ఔచిత్యాన్ని కావ్యానికి జీవితంగా నిలిపాడు. నడుముకు పెట్టవలసిన ఆభరణాన్ని మెడకు పెడితే నవ్వులపాలవుతుందని ఆయన వివరణ. ఆభరణం మంచిదే, పెట్టిన చోటు తప్పు. 'కాపో'లోని కెమెరా కదలిక కూడా సాంకేతికంగా నేర్పైనదే. పెట్టిన చోటు తగనిది.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. క్షేమేంద్రుడి విచారణ కావ్యాంగాల మధ్య పొందికకు, సహృదయుడి రసానుభూతికి సంబంధించినది. రివెత్ ప్రశ్నలో చనిపోయిన మనుషుల పట్ల బాధ్యత కూడా చేరింది. అందువల్ల ఔచిత్యాన్ని సినిమా సమీక్షకు అన్వయించేటప్పుడు దాని పరిధిని విస్తరించుకోవాలి. దృశ్యానికీ రసానికీ మధ్య ఔచిత్యం ఒకటి. కెమెరాకూ దాని ముందున్న మనిషికీ మధ్య ఔచిత్యం మరొకటి. మొదటిదాన్ని అతిక్రమిస్తే రసభంగం. రెండోదాన్ని అతిక్రమిస్తే అన్యాయం.

ఈ సమీక్షకు ఒక తరువాయి ఉంది. సెర్జ్ దనే 1992లో రాసిన ఒక వ్యాసంలో తాను 'కాపో'ను ఎన్నడూ చూడలేదని, రివెత్ సమీక్షే తన విమర్శకు ప్రమాణమైందని ప్రకటించాడు. ఒక తరం ఒక సినిమాను సమీక్ష ద్వారానే తెలుసుకుని, దానిపై తీర్పును వారసత్వంగా స్వీకరించింది. సమీక్షకున్న శక్తికి ఇది నిదర్శనం. అదే సమయంలో ఇది హెచ్చరిక కూడా. కొన్ని క్షణాల కదలిక ఆధారంగా ఒక దర్శకుడి మొత్తం కృషిపై ముద్ర వేయడం సబబా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అదే పొంతెకొర్వో 1966లో 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' తీశాడు. ఒక్క అడుగు వార్తాచిత్రం కూడా వాడకుండా వార్తాచిత్రమనే భ్రమ కలిగించిన ఆ చిత్రాన్ని పరిశీలించినప్పుడు అల్జీరియా పోరాటం పట్ల ఆయన కెమెరా వైఖరిని విడిగా అంచనా వేయాలి. ఔచిత్య నిర్ణయం దృశ్యానికి పరిమితం కావాలి గాని వ్యక్తికి శాశ్వత బిరుదు కాకూడదు.

6. నిజానికీ నటనకూ మధ్య - 'క్లోజప్':

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారొస్తమీ 1990లో రూపొందించిన 'క్లోజప్' ఈ చర్చకు అత్యంత అనువైన చిత్రం. పారసీకంలో దీని పేరు 'నమా-యె నజ్దీక్', అంటే 'దగ్గరి దృశ్యం'. హైదరాబాదు ఉర్దూతో పరిచయమున్నవారికి 'నజ్దీక్' అన్న మాట తెలిసినదే.

హొసేన్ సబ్జియాన్ అనే పేదవాడు బస్సులో ఎదురైన ఒక గృహిణితో తాను ప్రసిద్ధ దర్శకుడు మొహ్సెన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పుకుంటాడు. వారింట్లో సినిమా తీస్తానని నమ్మించి ఆ కుటుంబానికి దగ్గరవుతాడు. చివరికి పట్టుబడి విచారణను ఎదుర్కొంటాడు. ఇది టెహ్రాన్‌లో నిజంగా జరిగిన సంఘటన. కియారొస్తమీ అనుమతి పొంది న్యాయస్థానంలో కెమెరాలు పెట్టాడు. విచారణకు ముందు జరిగిన సంఘటనలను సబ్జియాన్ చేత, ఆ కుటుంబ సభ్యుల చేత, వార్త రాసిన విలేకరి చేత మళ్లీ నటింపజేశాడు.

ఇక్కడ పునరభినయం 'నానూక్'లోని పునరభినయానికి భిన్నమైనది. మోసగించినవాడూ మోసపోయినవారూ తమ పాత్రలను తామే ధరించారు. ఒకప్పుడు సినిమా పేరుతో మోసపోయిన కుటుంబం ఇప్పుడు నిజంగానే సినిమాలో నటించింది. దర్శకుడిగా నటించి నేరస్థుడైనవాడు అదే కథలో నటుడై ప్రేక్షకుల ముందు నిలిచాడు. న్యాయస్థానంలో కియారొస్తమీ అతనికి ఒక కెమెరా తన ముఖానికి దగ్గరగా ఉంటుందని, చట్టానికి పట్టని మాటలను ఆ కెమెరాకు చెప్పుకోవచ్చని వివరిస్తాడు. ఆ మాటతో 'క్లోజప్' అన్న సాంకేతిక పదం ఒక మనిషి గోడు వినడానికి దగ్గరగా జరగడమన్న అర్థాన్ని పొందింది.

చివరి ఘట్టంలో, విడుదలైన సబ్జియాన్‌ను అసలు మఖ్మల్‌బాఫ్ కలుసుకుని మోటారుసైకిలుపై ఆ కుటుంబం దగ్గరికి తీసుకువెళ్తాడు. దారిలో పూలకుండీ కొంటారు. వారి సంభాషణ మనకు ముక్కలు ముక్కలుగానే వినబడుతుంది. మైకు చెడిపోయిందని చిత్రబృందం అనుకోవడం వినిపిస్తుంది. ఈ లోపం దర్శకుడు కావాలని కల్పించినదేనని తర్వాత వెల్లడైంది. దీన్ని సమీక్షకుడు ఎలా వివరించాలి? 'శబ్దగ్రహణ లోపం వల్ల చివరి ఘట్టం దెబ్బతిన్నది' అని రాస్తే సినిమా అర్థం కానట్టు. 'దర్శకుడు మనల్ని మోసగించాడు' అని ఆపేసినా చాలదు. ఆ శబ్దభంగం వల్ల ఇద్దరు మనుషుల మధ్య మాటలు మన కుతూహలానికి ఆహారం కాకుండా మిగిలాయి. అంతవరకు అతని ముఖానికి దగ్గరగా వచ్చిన కెమెరా, ఇప్పుడు అద్దం పగిలిన వాహనంలో నుంచి దూరంగా చూస్తుంది. కల్పించిన లోపం ఇక్కడ మర్యాదగా పనిచేసింది. ఔచిత్యం రెండో అర్థంలో సాధించిన విజయంగా దీన్ని గుర్తించవచ్చు.

7. తీర్పు ఎక్కడ ఆగాలి - 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్':

జాషువా ఓపెన్‌హైమర్ దర్శకత్వం వహించిన 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' 2012లో వెలువడింది. 1965-66లో ఇండోనేషియాలో కమ్యూనిస్టులని ముద్ర వేసి జరిపిన సామూహిక హత్యలు దీని వస్తువు. ఉత్తర సుమత్రాలోని మెదాన్‌లో హత్యల్లో పాల్గొన్న అన్వర్ కాంగో, ఆయన సహచరులు తమ ఘాతుకాలను తమకు నచ్చిన సినిమాల శైలిలో నటించి చూపుతారు. ఇక్కడ పునరభినయం హంతకుల చేతిలో ఉంది. బాధితుల చేతిలో లేదు. అందుకే ఈ చిత్రంపై సమీక్షకులు రెండుగా చీలారు. శిక్ష పడని హంతకుల గర్వాన్ని వారి నటనతోనే బయటపెట్టిందని కొందరు మెచ్చారు. వారికి వేదిక కల్పించి, బాధితుల గొంతును పక్కన పెట్టిందని కొందరు ఆక్షేపించారు.

ఈ వివాదంలో పక్షం వహించే ముందు సమీక్షకుడు రెండు విషయాలను నమోదు చేయాలి. చిత్రాంతంలోని నామావళిలో అనేక చోట్ల పేరుకు బదులు 'అజ్ఞాత' అని ఉంటుంది. సహదర్శకుల్లో ఒకరు కూడా అజ్ఞాతమే. పేరు చెప్పలేని ఆ భయం గతం గడిచిపోలేదని తెలుపుతుంది. కనుక నామావళి కూడా ఈ చిత్రంలో ఒక దృశ్యమే. రెండోది, చివర్లో హత్యలు చేసిన డాబాపైకి తిరిగి వచ్చిన అన్వర్‌కు డోకు రావడం. అది పశ్చాత్తాపమా, కెమెరా ముందు మరొక నటనా అన్నది చిత్రం తేల్చి చెప్పదు. 'చివరికి హంతకుడు పశ్చాత్తాపపడ్డాడు' అని రాసే సమీక్ష, చిత్రం తెరిచి ఉంచిన తలుపును మూసివేస్తుంది. ఇదే దర్శకుడు 2014లో 'ది లుక్ ఆఫ్ సైలెన్స్'లో, అన్నను కోల్పోయిన ఒక కళ్లద్దాల వైద్యుణ్ని హంతకుల ఎదుట కూర్చోబెట్టాడు. మొదటి చిత్రంలో లోపించిందన్న గొంతు ఇందులో వినిపిస్తుంది. ఈ రెండింటినీ కలిపి పరిశీలించినప్పుడే మొదటిదానిపై విమర్శ సమగ్రమవుతుంది.

8. కథాసంగ్రహం పరిమితి - 'జాన్ దీల్‌మన్':

కళాచిత్రాల సమీక్షలో కథాసంగ్రహం ఎంతవరకు ఉపయోగపడుతుందో శాంతాల్ అకెర్‌మాన్ 1975లో తీసిన 'జాన్ దీల్‌మన్' ద్వారా గ్రహించవచ్చు. 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 2022లో జరిపిన విమర్శకుల ఎంపికలో ఈ చిత్రం ప్రథమ స్థానం పొందింది. కొడుకుతో జీవిస్తున్న ఒక వితంతువు వంట చేస్తూ, ఇల్లు సర్దుకుంటూ, మధ్యాహ్నాలు ఒక్కొక్క విటుణ్ని స్వీకరిస్తూ, మూడో రోజు ఒకణ్ని హత్య చేస్తుంది. కథను ఇలా చెబితే ఇదొక నేరకథ అనిపిస్తుంది.

మూడు గంటల ఇరవై నిమిషాల ఆ చిత్రంలో అధిక భాగం కదలని కెమెరా ముందు జరిగే ఇంటిపనే. రెండో రోజు బంగాళాదుంపలు మితిమీరి ఉడికిపోతాయి. డబ్బు దాచే పాత్రపై మూత పెట్టడం ఆమె మరిచిపోతుంది. మొదటి రోజు పనులను పూర్తి నిడివితో చూసిన ప్రేక్షకుడికే ఈ చిన్న లోపాలు భూకంపాల్లా తోస్తాయి. ఇక్కడ కాలమే కథ. కనుక సమీక్షకుడు నిడివిని 'సాగతీత' అనో 'ఓపిక కావాలి' అనో వదిలేయకుండా, ఆ నిడివి ప్రేక్షకుడి చూపును ఎలా మార్చిందో వర్ణించాలి. స్త్రీల ఇంటిచాకిరీ సాధారణంగా సినిమా కూర్పులో కత్తిరించబడే భాగం. దాన్ని కత్తిరించకపోవడమే అకెర్‌మాన్ పాటించిన ఔచిత్యం.

9. సమీక్షకుడు పాటించదగిన నియమాలు:

పై పరిశీలన ఆధారంగా కొన్ని ఆచరణ సూత్రాలను సూచించవచ్చు.

అ) సినిమా లోపల కనిపించిన విషయాన్నీ, బయటి నుంచి తెలిసిన సమాచారాన్నీ విడిగా చెప్పాలి. 'క్లోజప్'లో మైకు చెడిపోవడం లోపలి విషయం. అది కల్పితమన్నది బయటి సమాచారం.

ఆ) చూసిన ప్రతి నిడివిని, మూలభాషను, ఉపశీర్షికల భాషను తెలపాలి. ఇంగ్లీషు ఉపశీర్షిక నుంచి అనువదించిన సంభాషణను మూల సంభాషణగా ఉదాహరించకూడదు.

ఇ) వ్యక్తుల పేర్లను ఇంగ్లీషు వర్ణక్రమాన్ని బట్టి గాక, వీలైనంతవరకు మూల ఉచ్చారణకు దగ్గరగా రాయాలి. 'గొడార్' అన్న పేరు 'గొడార్డ్' కావడం చిన్న విషయంగా తోచినా, వ్యాసాల్లో ఒకే వ్యక్తి ఇద్దరవుతాడు.

ఈ) కనీసం ఒక దృశ్యాన్ని కెమెరా స్థానం, నిడివి, శబ్దం సహితంగా వర్ణించాలి. సినిమా చూడని పాఠకుడు సమీక్షకుడి తీర్పును పరీక్షించుకోవడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

ఉ) డాక్యుమెంటరీ అయితే ఎవరు నిధులిచ్చారు, ఎవరు అనుమతించారు, ఏది పునరభినయం, తెరమీది మనిషికి తన చిత్రణపై ఎంత అధికారం ఉంది అన్న ప్రశ్నలు అడగాలి.

ఈ సూత్రాలు విదేశీ చిత్రాలకే పరిమితం కావు. తెలంగాణ పల్లె జీవితంపై బి. నర్సింగరావు తీసిన 'మా ఊరు' వంటి చిత్రాలను పరిశోధనకు స్వీకరించేటప్పుడూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. పరిచితమైన జీవితం తెరమీద కనిపించినప్పుడు పరీక్షించాలన్న ఆలోచన మరింత సులువుగా జారిపోతుంది.

10. ఉపసంహారం:

డాక్యుమెంటరీ అన్న మాట ఒక సమీక్షతో స్థిరపడింది. ఒక కెమెరా కదలికపై ఒక తరం నైతిక దృష్టి మరొక సమీక్షతో రూపుదిద్దుకుంది. కనుక సమీక్షను సినిమాకు అనుబంధంగా వచ్చే పరిచయ వ్యాసంగా మాత్రమే భావించడం సరికాదు. ఏది నిజం, ఏది నటన అని తేల్చడంతో సమీక్షకుడి పని పూర్తికాదు. నటన వల్ల మనిషికి దక్కినదేమిటో, దక్కకుండా పోయినదేమిటో కూడా చెప్పాలి. పునరభినయం 'నానూక్' గ్రామఫోన్ ఘట్టంలో ఒక మనిషిని చిన్నబుచ్చింది, 'క్లోజప్'లో ఒక మనిషికి మాట ఇచ్చింది. సాధనం ఒకటే, ఫలితాలు వేరు. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా విచారించిన సంప్రదాయం మనకున్నది. ఆ విచారణను తెరముందు కూర్చున్న సహృదయుడితో ఆపకుండా, తెరమీద కనిపించే మనిషి వరకు విస్తరించుకోగలిగితే తెలుగు సినిమా సమీక్ష పరిశోధనకు నమ్మదగిన ఆధారంగా నిలుస్తుంది.